రెండు గంటల వాసన

ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నట్టుండి చెడ్డ వాసన వస్తే దానికి రెండే కారణాలు ఉండేవి. మొదటిది, ఎక్కడో ఎలుక చచ్చి ఉండాలి. ఎలుక దొరకకపోతే రెండోది. ఆ రెండోదాన్ని ఎవరూ పేరు పెట్టి చెప్పేవారు కాదు, గొంతు తగ్గించి పైకప్పు వైపు చూసేవారు. మొన్న గుణదలలో మా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి మూడో అంతస్తు అమ్మాయి తన కుక్కను చంకనెత్తుకుని ఎక్కింది. తలుపులు మూసుకోగానే గుప్పున ఆ వాసన. కుళ్ళిన చేపకు తుప్పు పట్టిన ఇనుము కలిపినట్టు. "సారీ అంకుల్, దీని యానల్ గ్లాండ్స్ నిండిపోయాయి. క్లినిక్‌లో పిండించుకుని రావాలి" అని ఆ అమ్మాయి జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పింది. నాకు మాత్రం వీపు మీద వెంట్రుకలు లేచాయి. మనవల్ని ఎత్తుకున్న వయసులో లిఫ్టు గోడకు అతుక్కుపోయి, నాకు తెలియకుండానే వాచీ చూసుకున్నాను. పదకొండున్నర. రెండు కాలేదు కదా అని ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాతే నా మీద నాకు నవ్వొచ్చింది. ఇంటికొచ్చి పాత డైరీల అట్టపెట్టె దించాను (మా ఆవిడ దాన్ని చెదపురుగుల సత్రం అంటుంది). నేను వెతుకుతున్న పేజీలు భద్రంగానే ఉన్నాయి.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ లేబొరేటరీలో కొత్తగా చేరాను. గంట గంటకూ రసం నమూనా తీసి, తీపి ఎంతుందో కొలిచి, రిజిస్టరులో ఎక్కించడం నా పని. అది ఉద్యోగంతో ఆగలేదు. తాగిన కాఫీలు, చూసిన సినిమాలు, వచ్చిన తుమ్ములు కూడా డైరీలో టైముతో సహా రాసేవాడిని. కొత్తవాడిని కాబట్టి ఎక్కువగా రాత్రి షిఫ్టే పడేది. పగలంతా ఇంట్లో పడుకోవడం. ఇల్లంటే కాలవ వంతెన దాటాక ఒక పెంకుటింట్లో వీధివైపు గది. ఇంటావిడను పిన్నిగారూ అని పిలిచేవాడిని. ఆవిడ భర్త అదే ఫ్యాక్టరీలో చెరుకు బళ్ళు తూచే కాటా దగ్గర గుమాస్తా. నేను చేరడానికి ఏడు నెలల ముందే పోయారు. పొద్దుటి షిఫ్టు దిగి వస్తూ వంతెన మీద సైకిలు ఆపి, పిట్టగోడ మీద కూర్చుని, మళ్ళీ లేవలేదట. ఆయన తర్వాత ఆ ఇంట్లో మిగిలినవి మూడు: పిన్నిగారు, హాల్లో ఆయన పడక కుర్చీ, ఆయన పెంచిన గోధుమరంగు కుక్క. దాని పేరు దొర. ఎవరు పిలిచినా పలకదు, చూసి ఊరుకుంటుంది. అందుకని ఆయనే ఆ పేరు పెట్టారట.

చెరుకు ఆడే క్రషింగ్ సీజన్లో ఉయ్యూరు వాసన మీకు తెలియకపోతే చెప్తాను. ఊరు ఊరంతా కాగుతున్న బెల్లపు పాకంలో మునిగి ఉంటుంది. ఆరేసిన బట్టలు తియ్యగా ఉంటాయి, దిండు తియ్యగా ఉంటుంది, కొన్నాళ్ళకు ముక్కు ఆ తీపిని లెక్కచేయడం మానేస్తుంది. అలాంటి చోట ఒక మధ్యాహ్నం, షిఫ్టు మారే రెండు గంటల సైరన్ కూసి ఆగిన కొద్దిసేపటికి, నిద్రలో నా ముక్కుకు చేప తగిలింది. లేచి కూర్చున్నాను. వీధిలో అలికిడి లేదు. చిమ్నీ నుంచి రాలే మసి కిటికీ గట్టు మీద చప్పుడు లేకుండా పడుతోంది. హాల్లోకి వెళ్ళాను. గుమ్మం దగ్గర వాసన ఘాటుగా ఉంది. మధ్యలో కొంచెం తక్కువ. పడక కుర్చీ దగ్గర మళ్ళీ ఘాటు. ఎవరో చేపల సంచితో గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి, వచ్చి కుర్చీలో కూర్చున్నట్టు. వంటింట్లో పిన్నిగారు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు. "పిన్నిగారూ, ఇవాళ చేపలేమన్నా వండారా అండీ?" అన్నాను. ఆవిడ కళ్ళు తెరవకుండానే, "ఈ ఇంట్లో చేప వండి ఎనిమిది నెలలైంది బాబూ" అన్నారు.

మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. తెలివైనవాడైతే ఇల్లు మారేవాడు. నేను పట్టిక గీశాను. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో. సమయం, చోటు, ఘాటు (ఐదు మార్కులకు), గాలి ఎటు నుంచి, వ్యాఖ్య. దయ్యమైనా సరే, గంటకో నమూనా ఇస్తే దాని సంగతి తేలుస్తానని ధీమా. మొదటి వారం వ్యాఖ్యల గడిలో ఇలా ఉంది: 'చేప. ఇంట్లో చేప లేదు.' 'చేప. పక్కింట్లో కూడా లేదు, అడిగాను.' 'చేప. కాలవ వైపు గాలి కాదు, పడమటి గాలి.' రెండో వారానికి నా చేతిరాత వంకర పోవడం ఇప్పుడు చూస్తే తెలుస్తోంది. ఎందుకంటే లెక్క కుదురుతోంది. పొద్దున్న ఆరు గంటల సైరన్‌కు ఏమీ లేదని పిన్నిగారు చెప్పారు. రాత్రి పది గంటల సైరన్‌కూ ఏమీ లేదట. మధ్యాహ్నం రెండు గంటల సైరన్‌కు మాత్రం, అది ఆగిన మూడు నుంచి ఆరు నిమిషాల్లోపు, తప్పకుండా. ఆయన చివరి పదేళ్ళూ చేసింది పొద్దుటి షిఫ్టే. దిగేది రెండింటికి. వస్తూ వస్తూ కాలవ గట్టున చేపలు కొని సైకిలుకు తగిలించుకుని వచ్చేవారట.

తర్వాత గీత కనిపించింది. గుమ్మం నుంచి పడక కుర్చీ దాకా నున్నటి గచ్చు మీద సన్నటి తడి గీత. కొలిచాను, పదకొండు అడుగులు. అక్కడక్కడా వంకర. చూస్తుండగానే ఆరిపోయింది. పిన్నిగారిని పిలిచి చూపించాను (ఆ తెలివి నాకు ఎందుకు పుట్టిందో). ఆవిడ వంగి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సైకిలు లోపలికే తెచ్చేవారు. తడి టైరుతో గచ్చంతా పాడు చేస్తున్నారని రోజూ పోట్లాడేదాన్ని" అన్నారు. డైరీలో ఆ రోజు వ్యాఖ్య: 'టైరు.' పక్కన ఇంకేమీ రాయలేదు.

ఆ తర్వాతి గురువారం చూడకూడనిది చూశాను. సైరన్ కూస్తుండగా నా గది తలుపు సందులో కన్ను పెట్టి నిలబడ్డాను. దొర గుమ్మంలో నిలబడి వీధి వైపు చూస్తోంది. తోక ఊపుతోంది. వీధిలో ఎవరూ లేరు. సైరన్ ఆగింది. ఉన్నట్టుండి కుక్క ఉలిక్కిపడి, వెనక నుంచి ఎవరో గిల్లినట్టు గిరుక్కున తిరిగింది. వెనక ఎవరూ లేరు. కాసేపు తన వీపు వెనక గాలిని చూసింది, చిన్నగా మూలిగింది, కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు రావడం మొదలుపెట్టింది. లేవలేదు, వెనక కాళ్ళతో నడవలేదు. తల పైకెత్తి, కళ్ళు తేలేసి, ముందు కాళ్ళతో గచ్చు పట్టుకుంటూ, ఎవరో మెడపట్టీ పట్టుకుని ఈడ్చుకెళ్తున్నట్టు గుమ్మం నుంచి కుర్చీ దాకా జారుతూ పోయింది. అప్పుడు వచ్చింది వాసన. నేను తలుపు మూసి, గడియ పెట్టి, మంచం మీద కూర్చుని పట్టిక నింపాను. ఘాటు: ఐదు. వ్యాఖ్య: 'కుక్కను ఎవరో ఈడ్చుకెళ్తున్నారు.' పుట్టి బుద్ధెరిగి కుక్కను పెంచినవాడిని కాదు. సైన్సు డిగ్రీ ఉన్నవాడిని, అంతే.

ఆ సాయంత్రం పిన్నిగారు అడిగితే పట్టిక మొత్తం చదివి వినిపించాను. భయపడతారనుకున్నాను. ఆవిడ భయపడలేదు. ఎవరికీ చెప్పని మాట నాకు చెప్పారు. ఆయన పోయిన రోజు పొద్దున, షిఫ్టుకు బయలుదేరుతుంటే, ముందు రోజు చేపల సంచి తలుపుకే వేలాడుతోందని ఆవిడకు కోపం వచ్చిందట. "ఆ నీచు కంపు ఇంక నా ఇంట్లోకి తేవద్దు అన్నాను బాబూ. కాఫీ గ్లాసు చేతిలో ఉంది. తాగకుండా అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు రోజూ ఆ వాసనే తెస్తున్నారంటే నా మీద కోపం పోలేదనేగా?" అని అడిగారు. నా పట్టికలో కోపానికి గడి లేదు. మరునాటి నుంచి రెండు గంటలకు పడక కుర్చీ పక్కన ఒక గ్లాసు మజ్జిగ పెట్టడం మొదలైంది. వాసన పోయాక ఆవిడ దాన్ని పెరట్లో పారబోసేవారు. తను మాత్రం రోజురోజుకూ కొంచెం తక్కువ తినేవారు.

పై వారం ఆదివారం పొద్దున, నా పట్టిక సంగతి అక్క నోట విని, ఆవిడ తమ్ముడు దిగాడు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు అతనిది. నేను మావయ్యగారూ అనేవాడిని. ట్రాలీ ఆటో, బూడిద గుమ్మడికాయ, నైలాను తాడు వెంట తెచ్చుకున్నాడు. గుమ్మడికాయ దిష్టికి. తాడు కుక్కకు.

"అక్కా, నువ్వేం మాట్లాడకు. బావ తనంతట తను రావట్లేదు, ఇది పిలుస్తోంది. రోజూ ఆ టయానికి గుమ్మంలో నిలబడి తోక ఊపితే ఎవరైనా రాకేం చేస్తారు? దీన్ని తీసుకెళ్ళి కరకట్ట అవతల లంకల్లో వదిలేస్తా. ఏరు దాటి రాలేదు."

"అది ఆయన కుక్కరా."

"అందుకేగా. ఇదిగో, ఈ అబ్బాయి రాసిందేగా, 'ఈడ్చుకెళ్తున్నారు' అని? ఇయ్యాళ కుక్కని ఈడ్చినవాడు రేపు నిన్ను ఈడవడా? చదువుకున్న కుర్రాడు, ఊరికే రాస్తాడా?"

లంకల్లో ముసలి కుక్క ఎన్నాళ్ళు బతుకుతుంది? శిక్ష వేసింది నా ఎర్ర సిరా. పిన్నిగారు దొర తల మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం ఉంచి, వంటింట్లోకి వెళ్ళిపోయారు. "తల నేను పడతా, నువ్వు వెనక పట్టు" అన్నాడు మావయ్యగారు. కాదనే ధైర్యం లేక పట్టుకున్నాను. ఎత్తి ఆటోలో పెట్టబోతుంటే నా ముంజేయి తోక కింద గట్టిగా నొక్కుకుంది. దొర కెవ్వుమంది. వెచ్చగా ఏదో నా చొక్కా మీద చిమ్మింది.

అదే వాసన. ఘాటు ఐదు కాదు, పది. పొద్దున పదకొండు గంటలకు, సైరన్ లేకుండా, నా గుండెల మీద నుంచి వస్తోంది. మావయ్యగారు కుక్కను వదిలేసి నాలుగడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, బావ ఇతని మీదకి వచ్చాడే" అన్నాడు, చాలా నెమ్మదిగా. లారీలతో మాట్లాడే గొంతు అంత నెమ్మదిగా పలకడం నేను మళ్ళీ వినలేదు. ఆటో డ్రైవరు ఆటోను అక్కడే వదిలేసి వీధి చివరికి నడిచాడు. నేను నోరు తెరిస్తే వాంతి అయ్యేలా ఉందని పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. అది వాళ్ళకు ఎలా కనిపించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పిన్నిగారు వంటింట్లోంచి వచ్చారు. నా ఎదురుగా ఆగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, తల దించుకుని, నిన్నటిదాకా నన్ను బాబూ అన్న మనిషి, "ఏవండీ" అన్నారు. "ఏవండీ, నా మీద కోపంగా ఉన్నారా?"

గంట గంటకూ కొలిచినది కొలిచినట్టే రాసేవాడిని. చూడనిదాన్ని చూశానని అంతవరకూ ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఆవిడ అలా తల దించుకుని నిలబడి ఉంటే, "నేను మీ అద్దె కుర్రాడినండీ" అనడానికి నోరు రాలేదు. "లేదు" అన్నాను. పళ్ళు బిగించి ఉండడం వల్ల అది నా గొంతులా లేదు. నాకే భయం వేసింది.

ఆవిడ అరుగు మీద కూలబడి ఏడ్చారు. మావయ్యగారు దణ్ణం పెట్టాడు. ఆ సందులో నేను కిందికి చూసుకున్నాను. చొక్కా మీద గోధుమరంగు తడి, అంచున సన్నటి ఎరుపు. నెత్తురు. దొర ఆటో చక్రం పక్కన చేరి తోక కింద నాక్కుంటోంది, నాకి మూలుగుతోంది. ఇన్ని రోజులూ గాలిలో వెతికిన నమూనా మొదటిసారి నా చేతికి అంటుకుని ఉంది. పోయినవాళ్ళకు నెత్తురు రాదు కదా అని ఎక్కడో ఒక ఆలోచన మొలిచింది. "మావయ్యగారూ, లంకల సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం" అన్నాను. మామూలు రోజైతే నా మాట వినేవాడు కాదు. ఆ రోజు, "మీరెలా చెప్తే అలా బావా" అన్నాడు. (దారిలో రెండుసార్లు నా పేరు చెప్పుకోవలసి వచ్చింది.)

పశువుల డాక్టరు గారిని ఊళ్ళో అందరూ డాక్టరు సాయిబుగారు అనేవారు. ఆదివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నారు. రోజంతా గేదెలతో గడిపే మనిషి, వాసనకు ముక్కు కూడా చిట్లించలేదు. రబ్బరు తొడుగు వేసుకుని తోక ఎత్తి చూసి, "అయ్యో పాపం" అన్నారు. తోక కింద రెండు వైపులా శనగగింజంత తిత్తులు రెండు ఉంటాయట. లోపల ఊరే ద్రవం మామూలుగా విరేచనం గట్టిగా అయ్యేటప్పుడు ఒత్తిడికి దానంతట అదే పోతుందట. చిక్కబడి ఆగిపోతే తిత్తి ఉబ్బి, సలిపి, కుక్క ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసుకుంటుంది, నేలకేసి ఈడ్చుకుంటుంది. బెదిరినా, సంబరపడినా కొంచెం కారుతుంది. "ఒక వైపు చీము పట్టిందండీ. ఇంకో నాలుగు రోజులైతే పగిలేది" అని, మమ్మల్ని పట్టుకోమని, రెండు వైపులా నెమ్మదిగా పిండి శుభ్రం చేశారు. ఆ కాసేపటి గురించి డైరీలో ఏమీ లేదు. ఇక్కడా రాయను. ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్ళతో కాపడం పెట్టమని, మాత్రలు మింగించమని చెప్పారు.

"తిండి ఏం పెడుతున్నారు?" అని అడిగారు. ఎనిమిది నెలలుగా పెరుగన్నమేనన్నాడు మావయ్యగారు. పిన్నిగారి భర్త ఉన్నన్నాళ్ళూ తన కంచంలోది ప్రతీదీ దానికి పెట్టేవారట. "అదే మరి. పల్చగా పోతుంటే తిత్తులు ఖాళీ అవ్వవు. గుమ్మడికాయ ఉడకబెట్టి అన్నంలో కలపండి" అన్నారు డాక్టరు గారు. మావయ్యగారు ఆటోలోని కాయ తెచ్చి చూపించాడు. తీపిది కావాలి, బూడిదది దేనికని ఆయన అడిగితే మావయ్యగారు కాయను మళ్ళీ ఆటోలో పెట్టి వచ్చాడు. ఎన్నాళ్ళుగా ఇలా ఉందని అడిగినప్పుడు మాత్రం నేను వెంట తెచ్చిన డైరీ గర్వంగా అందించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీ తర్వాత పేజీ చదివారు. "బ్రహ్మాండంగా రాశారండీ. గాలి ఎటు వీచిందో కూడా రాశారు. మరి ఇన్ని రోజుల్లో, వాసన వచ్చినప్పుడు కుక్క ఎక్కడుందో ఒక్క రోజే రాశారేంటి? అదీ ఎవరో ఈడ్చారని రాశారు" అన్నారు. మావయ్యగారు మొదటిసారి నన్ను తుక్కు లారీని చూసే చూపు చూశాడు.

తిరిగొచ్చేసరికి రెండవుతోంది. పిన్నిగారు పడక కుర్చీ పక్కన మజ్జిగ గ్లాసు పెట్టి నిలబడి ఉన్నారు. సైరన్ కూసింది. ముగ్గురం ముక్కులు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలుచున్నాం. దొర కుంటుతూ గుమ్మం దాకా వెళ్ళింది, తోక ఊపింది, వచ్చి పడుకుంది. బెల్లం వాసన తప్ప ఇంకేమీ రాలేదు. పది నిమిషాలయ్యాక మావయ్యగారు అక్కకు అంతా చెప్పాడు, తిత్తులు, చీము, పెరుగన్నం. ఆవిడ వినీ వినీ, "ఇన్నాళ్ళు నొప్పితో ఉందా అది" అన్నారు ముందుగా. తర్వాత నా వైపు తిరిగారు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఒక మనిషి దగ్గర నుంచి ఆమె మొగుణ్ణి రెండోసారి తీసుకుపోయినట్టుంది నాకు.

"పొద్దున 'లేదు' అన్నది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ పిన్నిగారూ. తప్పయింది."

"ఎవరైతే ఏంలే. ఒకళ్ళు చెప్పారుగా" అని ఆవిడ కుర్చీ పక్కనున్న గ్లాసు తీసి నా చేతిలో పెట్టారు. "నువ్వు తాగు. ఇన్ని రోజులూ నేలపాలు చేశాను." నిలబడే తాగాను. అల్లం, కరివేపాకు వేసిన మంచి మజ్జిగ. దొర లంకలకు వెళ్ళలేదు. మావయ్యగారు గుమ్మడికాయ మాత్రం కొట్టే వెళ్ళాడు. తెచ్చింది వృథా చేయకూడదని.

తర్వాతి నెల నాకు పొద్దుటి షిఫ్టు పడింది. రెండింటికి దిగి సైకిలు మీద వంతెన దాటి వచ్చేసరికి దొర గుమ్మంలో నిలబడి ఉండేది. తీపి గుమ్మడికాయ తిని ఒళ్ళు చేసింది, కూర్చుని జారడం పూర్తిగా మానేసింది. నన్ను చూసి తోక ఊపేది. కానీ, ఎలా చెప్పాలి, నన్నే చూసి కాదు. నా భుజం పక్క నుంచి, నాకు రెండు మూరలు వెనక చూస్తూ ఊపేది. అప్పటికి నేను అన్నీ తెలిసినవాడిని. తిత్తుల గురించి డాక్టరు గారు గీసిన బొమ్మ కూడా డైరీలో అంటించుకున్నాను. అయినా ప్రతిరోజూ అరుగు ఎక్కే ముందు ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాడిని. తుమ్ములు కూడా లెక్క రాసుకున్న ఆ కుర్రాడు, అలా ఎన్నిసార్లు తిరిగి చూశాడో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. నిన్న డైరీలన్నీ తిరగేశాను, లేదు. మంచిపనే చేశాడు.